షాబ్లీ: సీసా చదవడం నుంచి గ్లాసులో పోసుకోవడం దాకా

వైన్ గురించి తెలుసుకోవాలని సరదా పడి, షాపులో అరల ముందు నిలబడి, ఏం తీసుకోవాలో తోచక చివరికి లేబుల్ అందంగా ఉన్న సీసా పట్టుకొచ్చేవాళ్ళు చాలామంది. అలాంటివాళ్ళకి నేను చెప్పేది షాబ్లీతో మొదలుపెట్టమని. షాబ్లీ అంటే ఫ్రాన్స్‌లో అదే పేరున్న ఊరి చుట్టూ పండే తెల్ల వైనే. అందులో వాడేది షార్డనే ద్రాక్ష ఒక్కటే. నాణ్యతని బట్టి లేబుల్ మీద రాసే అంతస్తులు నాలుగే. ద్రాక్ష మారదు, రంగు మారదు కాబట్టి రెండు సీసాల మధ్య తేడా తెలిసిందంటే అది కొండవాలు వల్లో, ఆ ఏటి వాతావరణం వల్లో, వైన్ చేసిన మనిషి నిర్ణయం వల్లో వచ్చిందన్నమాట. అందుకే సీసా చేతిలోకి రాగానే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ అంతస్తు? ఏ వాలు? ఏ సంవత్సరం? చేసింది స్టీలు ట్యాంకులోనా, చెక్క పీపాలోనా? ఈ వ్యాసం చాలావరకు ఆ నాలుగింటి గురించే.

మొదట మ్యాప్ తెరవండి

పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్లు వెళ్తే యోన్ జిల్లాలో ఓసెర్, తొన్నేర్ పట్టణాల మధ్య షాబ్లీ కనిపిస్తుంది. రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊరు. పక్కనే సెరాన్ అనే చిన్న నది. లెక్కకి బర్గండీ అనే పేరున్న వైన్ ప్రాంతంలోదే గానీ, బర్గండీకి గుండెకాయ లాంటి బోన్ పట్టణం ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్లకు పైనే. షాంపేన్ ప్రాంతపు దక్షిణ తోటలు దానికన్నా దగ్గర. షాబ్లీ రుచిని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలా పనికొస్తుంది. ఇది చలి ప్రాంతపు వైన్. కాయ నెమ్మదిగా పండుతుంది, తీపి పెరిగినా పులుపు నిలబడుతుంది. పచ్చి మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకోగానే దవడల దగ్గర నీళ్ళూరతాయి చూడండి, మంచి షాబ్లీ మొదటి గుటకలో జరిగేది అదే.

కాస్త చరిత్ర. వైకింగుల దాడులకి పారిపోయి వచ్చిన తూర్ పట్టణపు సన్యాసులకి 867లో చార్లెస్ ద బాల్డ్ రాజు ఇక్కడి మఠాన్ని ఇచ్చాడు. 1114లో దగ్గర్లోనే పోంతిన్యీ మఠం వెలిసింది, అక్కడి సిస్టర్షియన్ సన్యాసులు కూడా ఇక్కడ ద్రాక్ష పండించారు. తర్వాత శతాబ్దాల పాటు పీపాలు యోన్ నది మీద పడవల్లో పారిస్ చేరేవి. పందొమ్మిదో శతాబ్దంలో యోన్ జిల్లా అంతా కలిపి సుమారు 40,000 హెక్టార్లలో ద్రాక్ష ఉండేది. అప్పుడు రెండు దెబ్బలు పడ్డాయి. ఒకటి వేరుని తినే ఫిలోక్సెరా పురుగు. రెండోది రైలు. రైలు పట్టాల మీద దక్షిణ ఫ్రాన్స్ నుంచి చౌక వైన్ పారిస్‌లోకి వచ్చి పడింది. ఆ పైన యుద్ధాలు, చలి దెబ్బలు. 1950ల నాటికి షాబ్లీలో మిగిలింది అటూ ఇటూగా 500 హెక్టార్లు. ఇప్పుడు 5,800 దాకా ఉంది. అంటే మీరు కొనే సీసాల్లో చాలా వాటి వెనక ఉన్న తోట, తాతల నాటిది కాదు, గత అరవై డెబ్భై ఏళ్ళలో మళ్ళీ నాటింది.

నేల గురించి ఎంత నమ్మాలి

షాబ్లీ మంచి తోటలన్నీ కిమెరిడ్జియన్ అనే నేల మీద ఉంటాయి. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ వెచ్చని, పెద్దగా లోతులేని సముద్రం ఉండేది. అది వదిలి వెళ్ళిన సున్నపురాయి, బంకమట్టి పొరలు కలిసిన నేల ఇది. తోటలో నడుస్తూ ఒక రాయి తీసి చూస్తే అందులో కామా గుర్తు ఆకారంలో చిన్న చిన్న ఆయిస్టర్ చిప్పలు అతుక్కుని ఉంటాయి, వేలిగోరంత కూడా ఉండవు. కొండ పైభాగంలో, పీఠభూమి మీద ఉండేది పోర్ట్‌లాండియన్ అనే గట్టి సున్నపురాయి. అక్కడ ఎక్కువగా కింది అంతస్తు వైన్ పండుతుంది.

చిప్పలున్న నేల కాబట్టి వైన్‌లో సముద్రపు రుచి వస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ అలా జరగదు. తీగ వేరు రాతి రుచిని పీల్చి కాయలోకి పంపదు. ఈ నేల చేసే అసలు పని వేరు: బంకమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది, పగుళ్ళున్న సున్నపురాయి ఎక్కువ నీళ్ళని వదిలేస్తుంది, తీగకి అతిగా అందదు, మరీ కరువూ రాదు. వైన్‌లో చెకుముకి రాయి వాసన, తడి సుద్ద లాంటి వాసన రావడం మాత్రం నిజం. దానికి పులుపుకీ, చలికీ, వైన్ చేసే పద్ధతికీ సంబంధం ఉంది.

లేబుల్ మీద మొదటి ప్రశ్న: ఏ అంతస్తు?

కింది నుంచి పైకి వరస ఇది: పెటీ షాబ్లీ, షాబ్లీ, షాబ్లీ ప్రెమియే క్రూ, షాబ్లీ గ్రాండ్ క్రూ. షాబ్లీకి, గ్రాండ్ క్రూకి చట్టబద్ధమైన గుర్తింపు 1938లో వచ్చింది, పెటీ షాబ్లీకి 1944లో.

పెటీ షాబ్లీ పీఠభూముల మీదది. తేలిగ్గా, నిమ్మ వాసనతో, ఏడాది రెండేళ్ళలో తాగేయాల్సిన వైన్. దీన్ని చిన్నచూపు చూడకండి. మంచి నిర్మాత చేసిన పెటీ షాబ్లీ, నిర్లక్ష్యంగా చేసిన షాబ్లీ కన్నా ఎప్పుడూ మేలే.

షాబ్లీ అని మాత్రమే రాసి ఉన్నది మొత్తం తోటల్లో సుమారు మూడింట రెండు వంతులు. నాణ్యతలో తేడాలు ఎక్కువగా ఉండేది కూడా ఇక్కడే. 1970లలో ఊళ్ళో దీని మీద పెద్ద గొడవ నడిచింది. కిమెరిడ్జియన్ నేల ఉన్నచోటే షాబ్లీ అనాలని ఒక వర్గం, వాలు, ఎండ బాగుంటే చాలని ఇంకో వర్గం. విస్తరణ కోరినవాళ్ళే నెగ్గారు. అందుకే ఈ అంతస్తులో పేరు కన్నా నిర్మాతను చూసి కొనాలి.

ప్రెమియే క్రూలో మొత్తం 40 తోటల పేర్లున్నాయి, కానీ వాటిలో 17 పెద్ద పేర్లు. చిన్న తోటల వాళ్ళు కావాలంటే తమ పేరు వేసుకోవచ్చు, లేదంటే పక్కనున్న పెద్ద పేరు వాడుకోవచ్చు. ఉదాహరణకి లేబుల్ మీద ‘ఫోరే’ అనో ‘బ్యుతో’ అనో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి రెండూ మోన్‌మాన్ అనే పెద్ద పేరు కిందివే.

గ్రాండ్ క్రూ అంతా ఒకే కొండవాలు. ఊరికి ఎదురుగా నది అవతల, నైరుతి వైపు చూస్తూ, కేవలం వంద హెక్టార్ల చిల్లర. అందులో ఏడు తోటలు: బ్లాంషో, లే క్లో, వాల్మూర్, గ్రెనూయ్, వోదెజీర్, ప్రూజ్, బూగ్రో. లే క్లో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా ఆలస్యంగా విచ్చుకునేది. ఎనిమిదో పేరు ‘లా మూతోన్’ ఎక్కడైనా కనిపిస్తే అది వోదెజీర్, ప్రూజ్ తోటల మీదుగా ఉన్న ఒకే యజమాని చేను. అది వేరే గ్రాండ్ క్రూగా జాబితాలో లేకపోయినా లేబుల్ మీద ఆ పేరు వేసుకోవడానికి అనుమతి ఉంది.

నా సలహా సూటిగా చెబుతాను. మొదటి ఏడాది గ్రాండ్ క్రూ జోలికి వెళ్ళకండి. కుర్ర వయసులో అది ముడుచుకుని ఉంటుంది, పదేళ్ళు ఆగితే గానీ పెట్టిన డబ్బుకి న్యాయం జరగదు. ఆ డబ్బుతో రెండు మంచి ప్రెమియే క్రూలు వస్తాయి, చేతికందే ధరలో షాబ్లీ అసలు రుచి దొరికేది అక్కడే.

రెండో ప్రశ్న: నదికి ఏ వైపు?

ఇది లేబుల్ మీద రాయరు, మీరే గుర్తుపెట్టుకోవాలి. సెరాన్ నది కుడి ఒడ్డున, గ్రాండ్ క్రూ కొండకి అటూ ఇటూ ఉన్న ప్రెమియే క్రూలు ఫూర్షోమ్, మోంతే ద తొన్నేర్, మోన్ ద మిలియూ. వీటికి మధ్యాహ్నపు ఎండ బాగా తగులుతుంది. వైన్ కాస్త నిండుగా, పండిన పండు రుచితో ఉంటుంది. ఎడమ ఒడ్డున వైయోన్, మోన్‌మాన్, కోత్ ద లేషే ఎక్కువగా ఆగ్నేయం వైపు చూస్తాయి. పొద్దుటి ఎండ వాటిది. వైన్ సన్నగా, సూటిగా, పూలవాసనతో ఉంటుంది.

ఒక్క పేరే గుర్తుంటుందనుకుంటే మోంతే ద తొన్నేర్ గుర్తుపెట్టుకోండి. గ్రాండ్ క్రూ కొండకి చిన్న లోయ మాత్రమే అడ్డం. మంచి నిర్మాత చేతిలో అది గ్రాండ్ క్రూకి చాలా దగ్గరగా వస్తుంది.

మూడో ప్రశ్న: ఏ సంవత్సరం?

షాబ్లీలో సంవత్సరం అంటే ముందు వసంతం గురించి అడగాలి. మార్చి ఆఖర్లో చిగురు వస్తుంది, అప్పట్నుంచి మే మధ్య దాకా రాత్రిపూట చలి సున్నా కిందికి పడితే చిగురు మాడిపోతుంది. మే 11, 12, 13 తేదీల్ని అక్కడివాళ్ళు ‘మంచు సాధువుల’ రోజులంటారు. అవి దాటేదాకా రైతులకి టెన్షనే.

రక్షణ పద్ధతులు చూడ్డానికి విడ్డూరంగా ఉంటాయి. తీగల వరసల మధ్య పారఫిన్ మైనం నింపిన డబ్బాలు హెక్టారుకి వందల కొద్దీ పెట్టి అర్ధరాత్రి దాటాక వెలిగిస్తారు. నూనెతో మండే పొయ్యిలూ ఉన్నాయి. కొందరు తీగ వెంట కరెంటు వైరు లాగి వేడి చేస్తారు. ఇంకో పద్ధతి వింటే నమ్మబుద్ధి కాదు: చిగురు మీద నీళ్ళు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడిని వదులుతుంది, ఆ వేడితో గాజు తొడుగు లాంటి మంచు పొర లోపల చిగురు సున్నా దగ్గరే నిలబడుతుంది. ఒకసారి మొదలుపెట్టాక తెల్లవారి ఎండ ఎక్కి మంచు కరిగేదాకా నీళ్ళు ఆపకూడదు. మధ్యలో పంపు ఆగితే అసలు చల్లకపోవడం కన్నా ఘోరం. ఇందుకోసమే బేన్ గ్రామం దగ్గర పెద్ద చెరువు తవ్వారు. ఇంత ఖర్చు అందరికీ, అన్ని తోటలకీ సాధ్యం కాదు. మంచు ఏళ్ళలో ధరలు పెరగడానికి కారణం ఇదే.

ఇటీవలి సంవత్సరాలు కొనేవాళ్ళకి పనికొచ్చేలా చెప్పాలంటే: 2016, 2017, 2021లో మంచు బాగా దెబ్బతీసింది. దిగుబడి తగ్గింది గానీ 2017 రుచి చాలా బాగుంటుంది. 2021 పులుపు ముందుండే పాతకాలపు షాబ్లీ. 2018 వెచ్చగా, విరివిగా పండింది, తొందరగా తాగేయొచ్చు. 2019 ఎండ ఏడు, రుచి చిక్కగా ఉంటుంది. 2020 వేడి ఏడే అయినా తాజాదనం పోలేదు. 2024లో మంచు, మే నెల వడగళ్ళు, తెగులు మూడూ కలిసి పంటని ఊడ్చేశాయి. పాత సీసా దొరికితే 2014 కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, సరిగ్గా నిల్వ చేసి ఉంటే.

నాలుగో ప్రశ్న: స్టీలా, చెక్కా?

ఎక్కువ షాబ్లీ స్టీలు ట్యాంకుల్లో తయారవుతుంది. చెక్క వాసన అంటదు, నిమ్మ, పచ్చి యాపిల్, సుద్ద వాసనలు స్పష్టంగా వస్తాయి. లూయీ మిషెల్ లాంటి నిర్మాతలు పై అంతస్తులకి కూడా చెక్క వాడరు. రవెనో, దోవిసా లాంటి పేరుమోసినవాళ్ళు పాత ఓక్ పీపాలు వాడతారు. పాతవి అన్నది ముఖ్యం. వాటి నుంచి వెనిల్లా వాసన రాదు, చెక్క సందుల్లోంచి అందే కొద్దిపాటి గాలికి వైన్ నిండుదనం తెచ్చుకుంటుంది. ఇక్కడి సంప్రదాయ పీపా ‘ఫయెత్’, 132 లీటర్లది, మిగతా బర్గండీ పీపాలో సుమారు సగం. కొత్త చెక్క దట్టించిన షాబ్లీ కూడా దొరుకుతుంది. నాకు నచ్చదు. చెక్క వాసనే కావాలంటే అంతకన్నా చౌకగా వేరే దేశాల షార్డనే ఎంతైనా ఉంది.

ఈ సంగతి సాధారణంగా వెనక లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే నిర్మాత వెబ్‌సైట్లో చూడండి.

కొనేటప్పుడు

అమెరికాలో ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అక్కడ ‘షాబ్లీ’ అనే పేరుని చవక తెల్ల వైన్‌కి దశాబ్దాల పాటు తగిలించారు. 2006 ఒప్పందంతో కొత్తగా అలా పెట్టుకోవడం ఆగింది గానీ, అప్పటికే వాడుతున్న పాత బ్రాండ్లకి మినహాయింపు ఉంది. పెద్ద జగ్గు సీసాలో ఆ పేరు కనిపిస్తే, ఫ్రాన్స్ అని రాసి లేకపోతే, పక్కన పెట్టేయండి.

ఇండియాలో దిగుమతి సుంకాలు, వాటి మీద రాష్ట్ర పన్నులు కలిసి ధర ఆకాశంలో ఉంటుంది. వీధి చివర వైన్స్‌లో అడిగి లాభం లేదు. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఏసీ ఉన్న పెద్ద షాపుల్లో చూడాలి, అక్కడా సీసా ఎండ పడే అద్దం పక్కన నిలబెట్టి ఉంటే కొనకండి. విదేశం నుంచి వచ్చేటప్పుడు పెద్దవాళ్ళకి తలా 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. తెచ్చుకునేది ప్రెమియే క్రూ అయితేనే ఆ శ్రమకి అర్థం.

తెలియని పేర్ల మధ్య తడబడుతుంటే లా షాబ్లీజియెన్ తీసుకోండి. 1923లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం ఇది, మొత్తం షాబ్లీలో సుమారు నాలుగో వంతు వీళ్ళే చేస్తారు. నాలుగు అంతస్తులూ వీళ్ళ దగ్గర ఉన్నాయి కాబట్టి పోల్చి చూడ్డానికీ వీలు.

చల్లబరచడం

ఎక్కువమంది షాబ్లీని పాడుచేసేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోసేస్తారు. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలుంటుంది, ఆ చలిలో పులుపు తప్ప ఏమీ తెలియదు. పెటీ షాబ్లీకి 8 డిగ్రీలు, షాబ్లీకి, ప్రెమియే క్రూకి 10, 11, గ్రాండ్ క్రూకి 12 నుంచి 14 సరిపోతాయి. మన వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బల్ల మీద ఉంచితే చాలు, చలి దేశాల్లో ఇరవై. సీసా వెచ్చగా ఉండి అతిథులు వచ్చేస్తే ఐసు, నీళ్ళు సగం సగం పోసిన బకెట్లో గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడదాకా దించండి. ఉత్త ఐసు ముక్కల కన్నా చాలా త్వరగా చల్లబడుతుంది.

గ్లాసులో మూడో వంతే పోయండి, త్వరగా వేడెక్కదు, వాసన తిరగడానికి చోటుంటుంది. సీసా అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే భయపడకండి, చలికి విడిపోయిన టార్టారిక్ ఆమ్లపు లవణాలు అవి, హాని లేదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం కార్క్ పాడైందని అర్థం. మంచి షాపు అయితే మార్చి ఇస్తుంది.

పక్కపక్కన పెట్టి తాగండి

ఒక్కో సీసా ఒక్కో నెలలో తాగితే ఏమీ గుర్తుండదు. నలుగురు స్నేహితులు డబ్బులేసుకుని ఒకే నిర్మాతవి, ఒకే సంవత్సరానివి మూడు సీసాలు తీసుకోండి: మామూలు షాబ్లీ ఒకటి, ఎడమ ఒడ్డు వైయోన్ ఒకటి, కుడి ఒడ్డు ఫూర్షోమ్ ఒకటి. ముగ్గురి ముందు మూడు గ్లాసుల చొప్పున పెట్టి, నాలుగో మనిషిని పోయమనండి, ఏది ఏదో అతనొక్కడికే తెలియాలి.

మొదట వాసన చూసి, గుటక వేసి, మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. కింది అంతస్తులకీ ప్రెమియే క్రూకీ ముఖ్యమైన తేడా వాసనలో కన్నా ఈ నిడివిలో ఎక్కువ తెలుస్తుంది. షాబ్లీ చప్పున ముగుస్తుంది, ప్రెమియే క్రూ మాటల్లో పడ్డాక కూడా నాలుక మీద ఉంటుంది. అరగంట తర్వాత మళ్ళీ అదే వరసలో రుచి చూడండి. కాస్త వెచ్చబడ్డాక ఫూర్షోమ్ ముందుకొస్తుంది.

ఇంకోసారి ఒకే తోటవి రెండు, ఒకటి స్టీలుది, ఒకటి పాత చెక్కది పెట్టుకోండి.

దేంతో తినాలి

ఊళ్ళో అయితే ఆయిస్టర్లు, నత్తలు, జున్ను కలిపి కాల్చిన గుజేర్ బూరెలు, షాబ్లీ పోసి వండిన పంది మాంసం. జున్నుల్లో దగ్గర్లో తయారయ్యే షావూర్స్, సుమాంత్రాన్. మన వంటల విషయంలో ఒకటే సూత్రం: కారం, చింతపండు ఉన్నచోట షాబ్లీ ఓడిపోతుంది. చేపల పులుసు పక్కన పెడితే రెండూ పాడవుతాయి. మిరియాలు, ఉప్పు, నిమ్మరసంతో పెనం మీద కాల్చిన కొరమేను, వెల్లుల్లి వెన్నలో తిప్పిన రొయ్యలు, కారం లేని జీడిపప్పు వేపుడు, పనీర్ టిక్కా కన్నా ఉత్త కాల్చిన పనీర్, ఇవి కుదురుతాయి. వేపుడులోని నూనెని ఆ పులుపు కోసేస్తుంది.

వీలైతే ఆ ఊరు వెళ్ళి చూడండి

షాబ్లీకి రైలు లేదు. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి ఓసెర్ దాకా రైలు, అక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్లు టాక్సీ. కారు అద్దెకి తీసుకుంటే ఏ6 రహదారి మీద పారిస్ నుంచి రెండు గంటల ప్రయాణం. నడిపేవాళ్ళు మాత్రం రుచి చూసి ఉమ్మేయాల్సిందే. అందుకని సెల్లార్లలో ప్రత్యేకంగా పాత్ర పెడతారు, ఎవరూ తప్పుగా అనుకోరు. ఫ్రాన్స్‌లో డ్రైవర్లకి పరిమితి లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాల్.

ఆదివారం పొద్దున సంత ఉంటుంది, ఆ రోజుకి వెళ్తే జున్ను, రొట్టె అక్కడే కొనుక్కోవచ్చు. చిన్న నిర్మాతల దగ్గరికి ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకోండి. సెప్టెంబరులో కోతల హడావుడి, ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. అక్టోబరు నాలుగో వారాంతంలో వైన్ పండగ చేస్తారు, గుంపు నచ్చేవాళ్ళకి అది మంచి సమయం. ఏ సెల్లార్‌కీ వెళ్ళకముందే నది మీద వంతెన దాటి గ్రాండ్ క్రూ కొండ ఎక్కండి. పైనుంచి చూస్తే ఏడు తోటలూ, వాటి మధ్య మలుపులూ, కింద ఊరూ, అవతల ఒడ్డున ప్రెమియే క్రూల వాలులూ ఒక్క చూపులో అర్థమవుతాయి. తీగల్ని ముట్టుకోకండి, రాళ్ళు జేబులో వేసుకోకండి.

తిరిగొచ్చాక సీసా సగం మిగిలితే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మామూలు షాబ్లీ రెండు మూడు రోజులు బాగుంటుంది. కుర్ర ప్రెమియే క్రూ కొన్నిసార్లు రెండోరోజే ఎక్కువ బాగుంటుంది, కాబట్టి అది మొదటి రాత్రే ఖాళీ చేసే తొందర పెట్టుకోకండి. నాలుగోరోజుకి మిగిలినదాన్ని రొయ్యలు వేగే పెనంలో పోసేయండి.